వీధిలో 396, టేపుతో 338: ఇంటి దగ్గర నడక పరీక్ష చేసే యాప్‌పై సమీక్ష

మా నాన్నగారికి డెబ్బై ఒక్క ఏళ్లు. ఊపిరితిత్తుల్లో గాలి దారులు సన్నబడే సీఓపీడీ జబ్బు వల్ల మూడేళ్లుగా ఆయాసంతో ఇబ్బంది పడుతున్నారు. గత సెప్టెంబరులో ఆసుపత్రి కారిడార్‌లో చేసిన ఆరు నిమిషాల నడక పరీక్షలో ఆయన 342 మీటర్లు నడిచారు. ప్రతి నెలా అంత దూరం రానవసరం లేదని, ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని ఇంటి దగ్గరే నడిపించి ఆ అంకెలు తెచ్చి చూపిస్తే చాలని పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల వైద్యులు) చెప్పారు. ఆ యాప్‌ను నాలుగు నెలలు వాడాము. దాని లోపాల గురించి కొంత కటువుగానే రాయవలసి వస్తున్నది కాబట్టి పేరు చెప్పడం లేదు.

ముందుగా అసలు పరీక్ష సంగతి. రోగి ఆరు నిమిషాల్లో చదునైన నేల మీద తన శక్తి మేరకు ఎంత దూరం నడవగలరో కొలవడమే ఇందులోని పని. అలసట వస్తే ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు, కానీ గడియారం మాత్రం ఆగదు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇందుకు 30 మీటర్ల పొడవైన కారిడార్ కావాలి. ఊపిరితిత్తుల జబ్బులున్నవారిలో రెండు పరీక్షల మధ్య దాదాపు 30 మీటర్ల తేడా వస్తే దానిని పట్టించుకోదగిన మార్పుగా వైద్యులు లెక్కిస్తారు. ఈ సమీక్షంతా ఆ 30 మీటర్ల అంకె చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే కొలిచే సాధనంలోని తప్పు అంతకంటే పెద్దదైతే ఆ కొలతకు విలువ లేదు.

యాప్‌లో రెండు పద్ధతులు ఉన్నాయి. ఆరుబయట నడిస్తే జీపీఎస్ ఆధారంగా దూరం లెక్కవేస్తుంది. లోపల నడిస్తే కారిడార్ పొడవును మనమే నమోదు చేయాలి. మనిషి వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఫోన్‌లోని సెన్సర్లు ఆ మలుపును గుర్తించి, ఎన్ని వరుసలు నడిచారో లెక్కకడతాయి.

మొదటి ప్రయత్నం హైదరాబాదు నల్లకుంటలో మా వీధిలోనే, పాల ప్యాకెట్లు వచ్చే వేళకు, కుక్కలు ఇంకా నిద్ర లేవకముందే చేశాము. రెండు వైపులా నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు, మధ్యలో సన్నని వీధి. యాప్ 396 మీటర్లు చూపించింది. నాన్నగారు సంతోషించారు గానీ నాకు నమ్మకం కలగలేదు. సివిల్ పనులు చేయించే మా బావగారి దగ్గర నుంచి 30 మీటర్ల టేపు తెచ్చి కొలిస్తే 338 తేలింది. అంటే 58 మీటర్ల తప్పు. కారణం ఊహించడం కష్టం కాదు. ఉపగ్రహాల సంకేతాలు గోడలకు తగిలి, చుట్టు తిరిగి ఫోన్‌కు చేరినప్పుడు మనిషి ఉన్న చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ ఎగిరిపడినట్లు నమోదవుతుంది. ఆ లేని ఎగురుళ్లన్నీ కలిసి నడవని దూరాన్ని నడిచినట్లు చూపిస్తాయి. చిన్న వీధిలో మళ్లీ మళ్లీ వెనక్కి తిరగవలసి రావడం దీనికి తోడు.

మరుసటి వారం మా అంతస్తు కారిడార్‌లో ప్రయత్నించాము. అది 15 మీటర్లే. నాన్నగారు 21 వరుసలు, అంటే 315 మీటర్లు నడిచారు. యాప్ 20 వరుసలే లెక్కించి 300 చూపించింది. ఎదురింటి పిన్నిగారు చెత్తబుట్టతో తలుపు తీయగా ఆయన ఒకసారి నెమ్మదిగా, గుండ్రంగా తిరిగారు. తప్పిపోయింది ఆ మలుపే అయి ఉండాలి. మీటర్లలో ఇది చిన్న తప్పే కానీ, పట్టించుకోదగిన మార్పులో సగం. పైగా కారిడార్ చిన్నదైతే మలుపులు ఎక్కువై నడిచే దూరమే తగ్గుతుంది కాబట్టి, ఈ అంకెను ఆసుపత్రి అంకెతో పోల్చడం అసలే తగదు.

చివరకు పని జరిగిన చోటు ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఆర్ట్స్ కాలేజీ వైపు వెడల్పాటి రోడ్డు, పైన కొమ్మలు అడ్డులేని చోటు చూసుకుని ఒకే దిశలో నడిపించాము. యాప్ 351 చూపించింది, టేపు 344 అన్నది. ఇది నాకు సమ్మతమే. యాప్ వాడదలచినవారికి నేను చెప్పగలిగినది ఇంతే: ఆకాశం బాగా కనబడే చోటు, వీలైనంత తక్కువ మలుపులు, ప్రతిసారీ అదే చోటు, అదే వేళ, అవే చెప్పులు.

నన్ను ఎక్కువగా బాధించిన లోపం కొలతకు సంబంధించినది కాదు. ఆసుపత్రిలో పరీక్షకు ముందు నాడి, రక్తపోటు చూస్తారు. విశ్రాంతిగా ఉన్నప్పుడే నాడి 120 దాటినా, రక్తపోటు 180/100 మించినా నడిపించడానికి వెనకాడతారు. గడచిన నెల రోజుల్లో గుండెపోటు వచ్చినవారిని నడిపించరు. ఈ యాప్ మాత్రం ఏమీ అడగకుండా ఆకుపచ్చ బటన్ చూపిస్తుంది. ఛాతీనొప్పి ఉందా అన్న ఒక్క ప్రశ్న వేయడానికి ఏమి ఖర్చవుతుందో నాకు అర్థం కాలేదు. నేను ప్రతిసారీ పల్స్ ఆక్సీమీటర్‌తో (వేలికి తగిలిస్తే నాడి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) పక్కనే నడిచాను. పెద్దవారిని ఒంటరిగా పంపవద్దు.

నిమిషానికోసారి వినిపించే సూచనలు కూడా ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి ఇంగ్లీషు రాదని కాదు గానీ, ఆయాసపడుతూ నడిచేటప్పుడు ఆ యాస పట్టుకోవడం కష్టం. రెండోసారి నుంచి "ఒరే, దాని నోరు మూసి నువ్వే చెప్పు" అన్నారు.

యాపిల్ ఫోన్, గడియారం రెండూ ఉన్నవారికి వేరే దారి ఉన్నది. 2020 నుంచి ఆ గడియారం రోజువారీ కదలికలను బట్టి ఆరు నిమిషాల్లో ఎంత నడవగలరో అంచనా వేస్తుంది. జేబులోని ఫోన్ నడక వేగాన్ని, అడుగు పొడవును నమోదు చేస్తుంది. అయితే అది పరీక్ష పెట్టి కొలిచినది కాదు, పైగా ఆ అంచనా 500 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. మా నాన్నగారికి ఆ పరిమితితో ఇబ్బంది లేదు, ధరతోనే ఉన్నది.

ఉస్మానియా రోడ్డు మీద యాప్ చూపిన అంకెలు అక్టోబరులో 351, నవంబరులో 347, డిసెంబరులో 312. చలి వల్లనేనని నాన్నగారు కొట్టిపారేశారు. వైద్యులు వీధి అంకెను పక్కన పెట్టి ఈ మూడింటినే చూశారు. తర్వాత ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నారో తమ ఎదుట చేసి చూపించమన్నారు. మందు నొక్కడానికీ ఊపిరి తీయడానికీ పొంతన కుదరడం లేదని అప్పుడు తెలిసింది. ఇన్‌హేలర్‌కు తగిలిస్తే మందును కాసేపు పట్టి ఉంచి నిదానంగా పీల్చుకోనిచ్చే స్పేసర్ అనే గొట్టం ఇచ్చారు. జనవరిలో 338 వచ్చింది.

రిపోర్టు పంపే సదుపాయానికి నెలకు 199 రూపాయలు అడుగుతున్నారు. దానిని రద్దు చేసుకున్నాము. ఉచితంగా వచ్చే కొలత మాత్రం కొనసాగిస్తున్నాము. అంకె, తేదీ, ఆక్సిజన్ శాతం, దారిలో ఎన్నిసార్లు ఆగారు అన్నవి గీతల నోటుపుస్తకంలో రాస్తున్నాను. వైద్యులు కూడా ఆ పుస్తకాన్నే అడుగుతున్నారు.