మెర్సీ నదికి ఇటూ అటూ: లివర్‌పూల్, బిర్కెన్‌హెడ్ పార్కులు, బస, వసతులు

ఇంగ్లండ్ యాత్ర అనగానే కోటలు, మ్యూజియంలు, చర్చిలు గుర్తుకు వస్తాయి గానీ, ప్రజల సొమ్ముతో స్థానిక కౌన్సిళ్ళు నడిపే పార్కుల కోసమే అక్కడికి ప్రత్యేకంగా వెళ్ళవచ్చునని లివర్‌పూల్, బిర్కెన్‌హెడ్ చూశాక గట్టిగా చెప్పగలను. మెర్సీ నదికి చెరో ఒడ్డున ఉన్న ఈ రెండు ఊళ్ళ మధ్య నది అడుగున తవ్విన సొరంగంలో 1886 నుంచి రైళ్ళు నడుస్తున్నాయి కనుక, ఎక్కడ దిగినా రెండో ఊరు కొద్ది నిమిషాల ప్రయాణమే. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ వెంట ఉండడం వల్ల, పూలమొక్కల కంటే ముందు బెంచీలు, మరుగుదొడ్లు, చదునైన దారులు ఎలా ఉన్నాయో చూసుకోవలసి వచ్చింది. పార్కును పాలకులు ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నారో తెలియడానికి ఆ మూడూ చాలునని నా అభిప్రాయం.

తీరిక ఒక్కపూటే ఉన్నవారు బిర్కెన్‌హెడ్ పార్కుకు వెళ్ళడం మేలు. అదే పేరుతో దగ్గరలోనే రైల్వే స్టేషన్ ఉంది. పురపాలక కమిషనర్లు 1843లో పార్లమెంటు చట్టం ద్వారా అనుమతి పొంది, ప్రజాధనంతో 226 ఎకరాలు కొని, అందులో 125 ఎకరాలను పార్కుకు కేటాయించి, చుట్టూ మిగిలిన నేలను ఇళ్ళ స్థలాలుగా అమ్మి ఖర్చు రాబట్టుకోవాలని తలపెట్టారు. జోసెఫ్ పాక్స్‌టన్ రూపకల్పన చేసిన ఈ పార్కు 1847 ఏప్రిల్ 5న ప్రారంభమైంది. ప్రవేశ రుసుము ఆనాడూ లేదు, నేడూ లేదు. 1850లో ఇక్కడికి వచ్చిన అమెరికన్ ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్‌కు ఈ పార్కు చూసి వెళ్ళమని చెప్పింది ఊళ్ళోని ఒక రొట్టెల దుకాణం యజమాని. ధనిక, పేద భేదం లేకుండా జనం దీన్ని అనుభవిస్తున్న తీరు ఓమ్‌స్టెడ్‌ను ఎంతో ఆకట్టుకుంది. తరువాతి కాలంలో కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేసింది ఆయనే.

నీటి ఒడ్డున నడుస్తుంటే పాక్స్‌టన్ నేర్పు అర్థమవుతుంది. చెరువులు తవ్విన మట్టినే పక్కన గుట్టలుగా పోయించి, వాటి మీద చెట్లు పెంచారు. అందువల్ల ఏ చోట నిలబడినా చెరువు మొత్తం ఒక్కసారిగా కంటపడదు, మలుపు తిరిగినకొద్దీ కొత్త నీరు, కొత్త ఒడ్డు కనిపిస్తాయి. స్విస్ బ్రిడ్జి అని పిలిచే, పైకప్పు ఉన్న చెక్క వంతెన మీద అమ్మ చాలాసేపు కదలకుండా నిలబడి, కింద ఈదుతున్న బాతులను చూసింది. దారులు చదునుగా ఉన్నాయి, అలసట తెలిసేలోపే ఒక బెంచీ ఎదురవుతుంది, సందర్శకుల కేంద్రంలో కాఫీ హోటల్ కూడా ఉంది. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

బస విషయానికి వస్తే, మొదట లివర్‌పూల్ నగర మధ్యంలో, తరువాత సెఫ్టన్ పార్కు దగ్గరి వీధిలోని ఒక చిన్న అతిథిగృహంలో ఉన్నాము. నగర మధ్యంలో రైలు, బస్సు చేతికందే దూరంలో ఉంటాయి గానీ, వారాంతపు రాత్రుల్లో వీధి సందడికి నిద్ర కరువవుతుంది. పార్కు దగ్గరి బసలో గది చిన్నదే అయినా, ఉదయం లేవగానే చెట్ల మధ్య నడవగలగడం నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది.

సెఫ్టన్ పార్కు 1872లో ప్రారంభమైంది. సుమారు 235 ఎకరాల విస్తీర్ణం కావడంతో ఒక చివర నుంచి మరో చివరకు నడవడం పెద్దవాళ్ళకు కష్టమే. 1896 నాటి పామ్ హౌస్ మాత్రం తప్పక చూడాలి: ఎనిమిది పలకలుగా, మూడు అంతస్తుల గాజు గుమ్మటంతో కట్టిన ఈ మొక్కల మందిరం బయట డార్విన్, లిన్నేయస్ వంటివారి విగ్రహాలు నిలిచి ఉన్నాయి. 1941 మే నెల బాంబు దాడుల్లో దీని అద్దాలు పగిలిపోయాయి. మరమ్మతు జరిగినా, తరువాత శిథిలమై మూతపడింది. స్థానికులు ఉద్యమించి నిధులు కూడగట్టిన ఫలితంగా 2001లో పూర్తిగా పునరుద్ధరించారు. ఇప్పుడు ఒక ట్రస్టు నిర్వహిస్తోంది. వివాహాలకు, వేడుకలకు అద్దెకు ఇస్తారు కనుక, ఆ రోజు సందర్శకులను అనుమతిస్తారో లేదో ముందుగా తెలుసుకుని వెళ్ళడం మంచిది.

ఇంగ్లండులో పార్కులు నిర్వహించి తీరాలన్న చట్టబద్ధమైన బాధ్యత కౌన్సిళ్ళకు లేదు. వృద్ధుల సంరక్షణ వంటి తప్పనిసరి సేవలకు డబ్బు చాలనప్పుడు పార్కుల పద్దు మీద ముందుగా కోత పడడానికి ఇదొక ముఖ్య కారణం. దారిలో ఆగిన మరో ఊరి పార్కులో పచ్చిక తీర్చిదిద్దినట్టుంది గానీ మరుగుదొడ్లకు తాళం వేసి ఉంది. అమ్మను వెంటబెట్టుకుని వీధిలో హోటల్ వెతుక్కోవలసి వచ్చినప్పుడు నిజంగా బాధ కలిగింది. ముసలివాళ్ళూ పసిపిల్లల తల్లులూ గంటసేపైనా గడపలేని చోట పచ్చిక ఎంత అందంగా ఉన్నా లోటు లోటే.

సెఫ్టన్ పార్కుకు సమీపంలోని ప్రిన్సెస్ పార్కు చిన్నది, హడావుడి లేనిది. ఇదీ పాక్స్‌టన్ పని చేసినదే, బిర్కెన్‌హెడ్ కంటే ముందటిది. 1840లలో ప్రైవేటు ఆస్తిగా మొదలై, 1918లో నగరపాలన చేతికి వచ్చింది. ప్రత్యేకించి దీని కోసమే రావలసిన పని లేదు గానీ, సెఫ్టన్ నుంచి నగరానికి తిరిగి వెళ్ళేటప్పుడు దీని గుండా నడిచి, ప్రిన్సెస్ అవెన్యూ చెట్ల వరుసల వెంట సాగితే ఆ దారి హాయిగా ఉంటుంది.