గూగుల్ ట్రెండ్స్: టీవీ వేడిలో బ్లాగు రాసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

టీవీలో ఏ విషయం మోగిపోతుంటే దాని మీద పోస్టు వేసి సెర్చ్ ట్రాఫిక్ రాబట్టాలనుకునే బ్లాగర్లు ముందు తెరిచేది గూగుల్ ట్రెండ్స్‌నే. పైసా ఖర్చు లేదు. జనం ఏ మాట టైపు చేస్తున్నారో, ఏ గంటలో చేస్తున్నారో బాగా చెబుతుంది. ఎంతమంది అని మాత్రం గ్రాఫును అడగొద్దు.

అందులోని 0 నుంచి 100 అంకెలు సెర్చ్‌ల లెక్క కాదు. ఎంచుకున్న ప్రాంతంలో, ఎంచుకున్న కాలంలో ఆ మాటకున్న అత్యధిక స్థాయే 100. మిగతాదంతా దానితో పోలిక. ఓ చిన్న సీరియల్ పేరుకు తెలంగాణలో 100 కనబడిందని ఎగిరి గంతేస్తే బోల్తా పడతారు. దీనికో కొలబద్ద ఉంది. మీ సెర్చ్ కన్సోల్‌లో (సొంత సైటు గూగుల్ సెర్చ్‌లో ఎలా కనబడుతోందో చూపే ఉచిత పనిముట్టు) రోజుకు ఎన్ని ఇంప్రెషన్లు, అంటే ఫలితాల్లో ఎన్నిసార్లు కనబడటం, వస్తాయో తెలిసిన మాట ఒకటి తీసుకుని, కొత్త మాట పక్కన పెట్టి పోల్చండి. గీత దానికంటే బాగా కిందుంటే ఆ పోస్టు రాయకండి.

లిపితోనూ తంటా ఉంది. ‘సెర్చ్ టర్మ్’గా ఇస్తే తెలుగు లిపిలో రాసిందీ, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిందీ వేర్వేరు మాటలు. ‘టాపిక్’ ఎంచుకుంటే భాషలన్నీ కలిసిపోతాయి. విషయం తూచడానికి టాపిక్, టైటిల్ పెట్టడానికి సెర్చ్ టర్మ్. ఇక వేగంగా పెరుగుతున్న సంబంధిత సెర్చ్‌లు చూపే ‘రైజింగ్’ జాబితాలో ‘బ్రేక్‌అవుట్’ అంటే 5000 శాతం దాటిన పెరుగుదల. నిన్నటిదాకా ఎవరూ వెతకని మాటకు కొద్దిమంది వచ్చినా ఆ ముద్ర పడొచ్చు. ఆ జాబితా నిండా ‘ప్రోమో’, ‘ఫుల్ ఎపిసోడ్’ అనే ఉంటే వాళ్లకు కావాల్సింది వీడియో; మీ వ్యాసం ఎవరూ తెరవరు.

ఇప్పుడు జోరుగా వెతుకుతున్న మాటలు చూపే ‘ట్రెండింగ్ నౌ’ పేజీ దాదాపు పది నిమిషాలకోసారి మారుతుంది. చూడ్డానికి హుషారే గానీ, చిన్న బ్లాగుకు అప్పటికే ఆలస్యం: అక్కడ పేరు కనబడేసరికి వార్తా సైట్లు బారులు తీరి ఉంటాయి. చిన్నవాళ్లకు కలిసొచ్చేది ముందే తేదీ తెలిసిన ప్రసారం.

2025 ఫిబ్రవరి 1 బడ్జెట్టే చూడండి. ‘12 లక్షల వరకు పన్ను లేదు’ అని తెరమీద పడింది. కాసేపటికి అదే తెరమీద శ్లాబుల పట్టిక: 4 నుంచి 8 లక్షలకు 5 శాతం, 8 నుంచి 12కు 10 శాతం. చూసేవాడికి తిక్క రేగి ఫోను తీస్తాడు. లెక్క ఇదీ: 12 లక్షల ఆదాయంపై మొదటి శ్లాబుకు పన్ను 20 వేలు, రెండో దానికి 40 వేలు, మొత్తం 60 వేలు. ఆదాయపు పన్ను చట్టం 87ఏ సెక్షన్ కింద మాఫీ అయ్యే పన్ను (రిబేటు) కూడా సరిగ్గా 60 వేలే, అందుకే సున్నా. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిసి హద్దు 12.75 లక్షలు. టీవీ ఊదరగొట్టి, విప్పి చెప్పకుండా వదిలేసిన ఇలాంటి ముడే మీ పోస్టు. ట్రెండ్స్‌లో గత ఏళ్ల ఫిబ్రవరి 1ని విడిగా తెరిచి, అప్పటి ప్రశ్నలతో పేజీ అస్థిపంజరాన్ని మూడు నాలుగు రోజుల ముందే ఎక్కించండి. ప్రసంగం అవగానే అంకెలు నింపి, సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లి ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ (పేజీని గూగుల్ జాబితాలోకి ఎక్కించమని అడగడం) నొక్కండి. ఇది విన్నపమే, వెంటనే ఎక్కుతుందన్న హామీ లేదు. ముందే ఇండెక్స్ అయిన పేజీ ఉండాలనేది అందుకే.

యూఆర్ఎల్‌లో సంవత్సరం పెడితే ఏటా కొత్త పేజీతో మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఏడాది అంకె టైటిల్‌లో ఉంటే చాలు. డిస్కవర్‌లో (వెతక్కుండానే ఫోనులో గూగుల్ చూపే వ్యాసాల వరస) పెద్ద బొమ్మతో కనబడాలంటే దాని వెడల్పు కనీసం 1200 పిక్సెళ్లు ఉండాలి. చానల్ తెర ఫొటో తీసి పెట్టేస్తే కాపీరైట్ గొడవ. ఆ శ్లాబుల పట్టిక మీరే గీసుకోండి, పది నిమిషాల పని.