ఆన్‌లైన్‌లో ఎన్-400: ఫైలింగ్ సులువే, లెక్కలు మాత్రం మీరే చూసుకోవాలి

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు కావస్తున్నవాళ్లు అమెరికా సిటిజన్‌షిప్ కోసం వేసే దరఖాస్తు ఎన్-400. యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్‌లో అకౌంటు తెరిచి దాన్ని నేరుగా వేసుకునే సర్వీసు గురించి ఈ సమీక్ష. చిక్కుల్లేని కేసైతే కాగితం జోలికి వెళ్లకండి, లాయర్‌కి డబ్బు పొయ్యనూ వద్దు, ఆన్‌లైన్ చాలు. కాకపోతే ఈ ఫారం మీరు రాసింది తీసుకుంటుంది తప్ప మీ అర్హత తేల్చదు. అది ఇంటర్వ్యూలో ఆఫీసర్ తేలుస్తారు. అర్హత లేక కేసు పోతే కట్టిన డబ్బు వెనక్కి రాదు.

ఆన్‌లైన్ ఫీజు 710 డాలర్లు, కాగితం మీద వేస్తే 760. ఇంటి ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లకి 380 డాలర్ల రాయితీ ఫీజు ఉంది కానీ దానికి కాగితం ఫారమే వెయ్యాలి. ఫారం ఒకే విడతలో పూర్తి చెయ్యనక్కర్లేదు. చివరిసారి తెరిచిన రోజు నుంచి 30 రోజుల పాటు డ్రాఫ్టు అలాగే ఉంటుంది. ఆ తర్వాత చెరిగిపోతుంది, కాబట్టి ట్రిప్పుల లిస్టు, పాత అడ్రస్‌లు ముందే వేరే ఫైల్లో రాసి పెట్టుకోండి. సబ్మిట్ కొట్టగానే రసీదు నంబరు వస్తుంది. గ్రీన్ కార్డు గడువు దగ్గర పడినవాళ్లకి ఇంకో లాభం: ఎన్-400 రసీదు నోటీసు కార్డుని 24 నెలలు పొడిగిస్తుంది. పాత కార్డు, రసీదు రెండూ కలిపి చూపించాలి.

ఇక తేదీలు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కార్డు మీద 'రెసిడెంట్ సిన్స్' అని ఉన్న తేదీ నుంచి ఐదేళ్లు లెక్కపెట్టాలి, కార్డు చేతికొచ్చిన రోజు నుంచి కాదు. ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచి వెయ్యొచ్చు. కార్డు మీద 2021 మార్చి 15 ఉంటే ఐదేళ్లు నిండేది 2026 మార్చి 15న. అక్కణ్ణుంచి 90 రోజులు వెనక్కి వెళితే 2025 డిసెంబరు 15. ఇక్కడ సరిగ్గా మూడు నెలలకి కుదిరింది కదా అని ప్రతిసారీ నోటి లెక్క వెయ్యకండి, నెల నెలకీ రోజులు మారతాయి. సైట్‌లోనే దీనికి కాలిక్యులేటర్ ఉంది. అది చూపించిన తేదీ మీద రెండు మూడు రోజులు ఆగి వెయ్యడం క్షేమం. ఒక్క రోజు ముందుగా వేసినా తిరస్కరించడానికి అదొక్కటి చాలు. అమెరికన్ సిటిజన్‌ని పెళ్లి చేసుకుని, మూడేళ్లుగా కలిసే ఉంటున్నవాళ్లకి ఐదేళ్ల బదులు మూడేళ్లు. ఆ మూడేళ్లూ భాగస్వామి సిటిజన్ అయి ఉండాలి.

ట్రిప్పుల విషయంలో రెండు వేర్వేరు లెక్కలున్నాయి, వాటిని కలిపేస్తే చిక్కు. మొదటిది, ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండాలి. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే. రెండోది, ఏ ఒక్క ట్రిప్పూ ఆరు నెలలు దాటకూడదు. అమ్మానాన్నలకి బాగోలేదని ఇండియా వెళ్లి జనవరి నుంచి జులై చివరిదాకా ఉండిపోతే, మొత్తం రోజులు సరిపోయినా నివాసం తెగిపోయిందనే ఆఫీసర్ మొదట అనుకుంటారు. తెగలేదని చూపించాల్సింది మీరే: ఇక్కడి ఉద్యోగం ఉంచుకున్నారని, ఇంటి అద్దెగానీ మార్ట్‌గేజ్‌గానీ కట్టారని, భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నారని, టాక్స్ వేశారని. ఈ కాగితాలు ఫారంతోపాటే పెట్టండి. ఏడాది, ఆపైన ఉండిపోతే సాక్ష్యాలతో పని జరగదు. తిరిగొచ్చిన రోజు నుంచి నాలుగేళ్ల ఒక్క రోజు ఆగి మళ్లీ వెయ్యాలి.

24 గంటలు దాటిన ప్రతి ట్రిప్పూ రాయాలి. ఐ-94 సైట్‌లో (అమెరికాలోకి రాకపోకల రికార్డు చూపించే ప్రభుత్వ సైట్) ట్రావెల్ హిస్టరీ దొరుకుతుంది కానీ దాన్ని గుడ్డిగా దించెయ్యకండి. కారులో నయాగరా దాటి కెనడా వెళ్లొచ్చిన ట్రిప్పులు అందులో తరచూ ఉండవు. పాస్‌పోర్టు ముద్రలు, ఎయిర్‌లైన్ మెయిళ్లు పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

పేరు గురించి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. ఇండియన్ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకి వీసాలో ముందు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) చేరుతుంది. అదే గ్రీన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంటపడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి ఎన్-400 మంచి అవకాశం. ఫారంలో పేరు మార్పు అడిగే చోట కావలసిన పూర్తి పేరు రాస్తే, ఓత్ (పౌరసత్వ ప్రమాణం) రోజు జడ్జి ఆమోదిస్తారు, సర్టిఫికెట్ కొత్త పేరుతోనే వస్తుంది. కానీ ఇది కోర్టులో జరిగే ఓత్‌కే వర్తిస్తుంది. యూఎస్‌సీఐఎస్ ఆఫీసులోనే జరిగే ఓత్‌లో పేరు మార్చరు. కోర్టు తేదీ కోసం ఇంకొన్నాళ్లు ఆగాల్సి రావచ్చు, అయినా ఆగండి. తర్వాత ఒక్కో కార్డులో విడిగా మార్చుకోవడం కంటే ఇది ఎంతో నయం. పేరు మార్పు ఉత్తర్వు కాపీ జాగ్రత్త చెయ్యండి, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకునేటప్పుడు పాత పాస్‌పోర్టు పేరుకీ కొత్త పేరుకీ లింకు చూపించేది అదే.

ట్రాఫిక్ టికెట్ల ప్రశ్నకి చాలామంది 'లేదు' అని కొట్టేస్తారు. అలా చెయ్యకండి. స్పీడింగ్ టికెట్ వల్ల కేసు పోదు. దాచారన్న అనుమానం మాత్రం మీ నిజాయితీ మీదకే వస్తుంది. అరెస్టు లేకుండా, మద్యం, డ్రగ్స్ ఊసు లేకుండా, 500 డాలర్లలోపు జరిమానాతో ముగిసిన వాటికి కాగితాలు జతచెయ్యనక్కర్లేదు. హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద పెరిగిన మగపిల్లలకి 18 నుంచి 26 మధ్య గ్రీన్ కార్డు వచ్చి ఉంటే, సెలెక్టివ్ సర్వీస్‌లో (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితా) నమోదు అయ్యారో లేదో చూడండి. వీసా మీద ఉన్నంతకాలం ఆ అవసరం లేదు కాబట్టి, కార్డు రాగానే చెయ్యాలన్న సంగతి ఇళ్లలో ఎవరికీ తట్టదు.

2025 అక్టోబరు 20 నుంచి వేసిన దరఖాస్తులకి కొత్త సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) పరీక్ష. 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 12 రాగానే ఆపేస్తారు, 9 తప్పినా ఆపేస్తారు. పాత 100 ప్రశ్నల యాప్‌లు, యూట్యూబ్ వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి, వాటితో చదవకండి. గవర్నర్, సెనేటర్ల పేర్లు ఇంటర్వ్యూ వారంలో ఒకసారి సరిచూసుకోండి. ఫెయిలైతే 60 నుంచి 90 రోజుల్లో ఇంకో అవకాశం, అదీ ఇంగ్లీషు, సివిక్స్‌లలో పోయిన భాగానికే.

పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకి అసలు అడ్డంకి ఇంగ్లీషు. కార్డు మీద 20 ఏళ్లు ఉండి 50 నిండినవాళ్లు, 15 ఏళ్లు ఉండి 55 నిండినవాళ్లు ఇంగ్లీషు లేకుండా, ఇంటర్‌ప్రెటర్‌తో తెలుగులోనే సివిక్స్ చెప్పొచ్చు. అరవయ్యో ఏట వచ్చినవాళ్లకి ఈ వెసులుబాటు 75 దాకా అందదు. వైద్య కారణాలతో మినహాయింపు కోరే ఎన్-648 ఉంది కానీ అది డాక్టర్ నిర్ధారించిన అసలైన సమస్య ఉన్నవాళ్లకే. వయసు మీద పడిందన్నది కారణం కాదు. ఇలాంటి కేసులు, ఆరు నెలలు దాటిన ట్రిప్పులు, అరెస్టులు ఉన్న కేసులు ఆన్‌లైన్‌లో సొంతంగా వెయ్యకండి. అక్కడ లాయర్ ఫీజు దండగ కాదు.

ఓత్ అయ్యాక ఇండియన్ పాస్‌పోర్టు మీద ప్రయాణం చెయ్యకూడదు. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేరే దేశం పౌరసత్వం తీసుకున్న క్షణమే మనది పోతుంది. వెంటనే ఇండియా టికెట్లు కొనుక్కోకండి. ముందు అమెరికా పాస్‌పోర్టు, తర్వాత పాత పాస్‌పోర్టు సరెండర్, ఆపైన ఓసీఐ, ఈ వరస అంతటికీ నెలలు పట్టొచ్చు.

గ్రీన్ కార్డుతో మీ దగ్గరే ఉంటున్న 18 ఏళ్లలోపు పిల్లలు మీ ఓత్‌తోపాటే సిటిజన్లు అయిపోతారు, వాళ్లకి ఎన్-400 అక్కర్లేదు. కానీ ఓత్ జరిగేనాటికి 18 నిండి ఉండకూడదు. దరఖాస్తు వేసిన తేదీ ఇక్కడ లెక్కలోకి రాదు. ఇంట్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలుంటే వెయ్యగలిగిన మొదటి వారంలోనే వేసెయ్యండి, పేరు మార్పు కూడా వద్దనుకోండి. కోర్టు తేదీ ఆలస్యమై పుట్టినరోజు దాటిపోతే, ఆ పిల్ల సొంత ఎన్-400 వేసుకోవాల్సిందే.