చిన్ షి హువాంగ్, హాన్ వెన్: ఎవరి ఏలుబడి మేలు?

క్రీ.పూ. 221లో చైనాను ఒక్క గొడుగు కిందికి తెచ్చినవాడు చిన్ షి హువాంగ్. తూనికలు, కొలతలు, లిపి, ఆఖరికి బండి ఇరుసుల వెడల్పు కూడా దేశమంతటా ఒకటే చేశాడు. ఆ మేలు కాదనలేం. కానీ వెట్టిచాకిరీతో జనం నడుం విరిగింది. 210లో ఆయన పోయిన నాలుగేళ్లకే వంశం కూలింది.

నా ఓటు మాత్రం ఆ తర్వాత వచ్చిన హాన్ వంశపు చక్రవర్తి హాన్ వెన్‌కే (ఏలుబడి క్రీ.పూ. 180–157). ఒక మండపం కట్టించబోయి, దాని ఖర్చు పది మధ్యతరగతి కుటుంబాల ఆస్తంత అవుతుందని తెలిసి మానుకున్నాడు. 167లో తీయింగ్ అనే అమ్మాయి, తండ్రికి పడబోయే శిక్షకు బదులు తానే బానిసగా ఉంటానని అర్జీ పెట్టుకుంది. అది చదివి ముక్కు కోయడం, పాదాలు నరకడం లాంటి శిక్షలనే ఎత్తేశాడు! వాటి బదులు పెట్టిన కొరడా దెబ్బలకు చాలామంది ప్రాణాలు పోయాయి, అదీ చెప్పుకోవాలి. ఆ లోపాన్ని తర్వాత కొడుకు జింగ్ దెబ్బలు తగ్గించి సరిదిద్దాడు.