సంక్రాంతి సెలవుల్లో జేబుచాకులు నూరుకోడానికి కొన్న సానరాయి: నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను కత్తుల ఎక్స్‌పర్ట్‌ని కాదు. నా దగ్గరున్నవి రెండే జేబుచాకులు, ఒకటి బావ స్విట్జర్లాండ్ ఆఫీసు ట్రిప్పు నుంచి తెచ్చిచ్చిన విక్టోరినాక్స్, ఇంకోటి నేనే ముచ్చటపడి కొనుక్కున్న ఒపినెల్ నంబర్ 8, చెక్క పిడి ఉండే ఫ్రెంచ్ చాకు. రెండూ ఎంత మొద్దుబారాయంటే టమాటా మీద పెడితే కోయడం మానేసి నొక్కుతున్నాయి. సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరెళ్తున్నా కదా, అయిదు రోజులూ ఫోన్ చూస్తూ పడుకోకుండా చేతికేదో పనుండాలని ఈ రాయి ఆర్డర్ పెట్టా.

1400 రూపాయలు పడింది. ఒకవైపు 1000 గ్రిట్, ఇంకోవైపు 6000 (గ్రిట్ అంటే రాయి గరుకు నంబరు, పెరిగేకొద్దీ నున్నన), కింద వెదురు స్టాండు, జారకుండా రబ్బరు, కోణం తప్పకుండా చాకు వెన్నుకి తగిలించే ఒక చిన్న ప్లాస్టిక్ యాంగిల్ గైడ్. బ్రాండ్ పేరు రాయట్లేదు, అచ్చం ఇదే కిట్ పది పేర్లతో దొరుకుతోంది, డబ్బా మీద స్టిక్కరే తేడా. నాకొచ్చిన దానికి ఒక మూల కొంచెం పెచ్చు ఊడింది, నూరే చోట కాదు కాబట్టి రిటర్న్ పెట్టలేదు, బద్ధకం కూడా అనుకోండి.

భోగి రోజు పొద్దున్నే మంట దగ్గర్నుంచి వచ్చి అరుగు మీద సెటిలయ్యా. రాయిని బకెట్లో పడేస్తే బుడబుడమని బుడగలొస్తాయి, అవి ఆగేదాకా ఓ పది నిమిషాలు నాననివ్వాలి, 6000 వైపుకైతే పైన నీళ్ళు చిలకరిస్తే చాలు. ఇంతలో మా బాబాయ్ వచ్చి ఏరా, కోడికత్తులు నూరుతున్నావా, ఏ బరికి అన్నాడు. మా వైపు సంక్రాంతికి అరుగు మీద కూర్చుని కత్తి నూరితే ఎవడైనా అదే అనుకుంటాడు మరి! ఆ మూడు రోజుల్లో ఈ జోకు కనీసం పదిమంది వేశారు.

అసలు కష్టమంతా కోణం దగ్గరే. ఇలాంటి చాకులకి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు అంటారు, కానీ చేతికి డిగ్రీలేం తెలుస్తాయి, అందుకని ఇలా లెక్కేసుకున్నా, బ్లేడు వెడల్పు 15 మిల్లీమీటర్లుంటే 20 డిగ్రీలకి దాని వెన్ను రాయి మీంచి 5 మిల్లీమీటర్లు లేవాలి. అంతే. దాంతో పాటు కిట్‌లో వచ్చిన గైడ్ తగిలిద్దామని చూస్తే అది వంటింటి పెద్ద కత్తులకి చేసిందట, జేబుచాకు బ్లేడు సన్నం కదా, వెన్నుకి తగిలించగానే చాకు నిక్కబొడుచుకుని నిలబడుతోంది, పైగా రాయి మీద ప్లాస్టిక్ అరిగిపోతోంది. తీసి పక్కన పడేశా, మా అన్నయ్య కొడుకు దాన్ని పడవని చేసి గోలెంలో వదులుతున్నాడు. దాని బదులు అంచు పొడుగునా మార్కర్ పెన్నుతో గీత గీసి నాలుగు సార్లు రుద్ది చూడండి, ఇంకు పదును చివర పోకుండా పైన పోతే మీరు మరీ పడుకోబెట్టేశారని, చివర మాత్రమే పోతే మరీ లేపేశారని అర్థం.

రుద్దుతుంటే నల్లటి బురద లాంటిది వస్తుంది. నేనేమో శుభ్రంగా ఉండాలని మాటిమాటికీ కడిగేశా, తప్పంట, నూరే పని సగం ఆ బురదే చేస్తుందంట. కాసేపటికి రెండో వైపు అంచు మీద వేలు అడ్డంగా, పదును మీంచి బయటికి జరిపితే సన్నగా గరుకు తగులుతుంది, బర్ అంటారు దాన్ని. అది పిడి దగ్గర్నుంచి మొన దాకా వచ్చిందంటేనే రుద్దుతున్న వైపు పని అయినట్టు, రాకుండా తిప్పేస్తే ఎన్ని గంటలు రుద్దినా చాకు మొద్దుగానే ఉంటుంది. మొదటి రోజంతా నేను చేసింది సరిగ్గా ఇదే, గంటన్నర రుద్ది ఏమీ తెగక రాయిని తిట్టుకున్నా. రాయి తప్పేం లేదు.

విక్టోరినాక్స్ స్టీలు కొంచెం మెత్తన, తొందరగా పదునెక్కుతుంది, తొందరగానే పోతుంది కూడా. దానికి లాక్ ఉండదు, మొన కిందికి నొక్కి రుద్దారనుకోండి టక్కున మూసుకుని వేళ్ళ మీద పడుతుంది, నా చూపుడు వేలికి బ్యాండ్ ఎయిడ్ అందుకే. ఒపినెల్‌కి పిడి దగ్గర తిప్పే రింగు ఉంటుంది, 1955లో పెట్టారు దాన్ని, తిప్పితే బ్లేడు కదలదు, కాబట్టి నూరేటప్పుడు ధైర్యం. నాది కార్బన్ స్టీలు, ఎంత బాగా పదునెక్కుతుందో! కానీ తడి తుడవకుండా వదిలేస్తే తుప్పే. నిమ్మకాయ కోశామంటే బ్లేడు నల్లబడుతుంది, నాకైతే ఆ నలుపు ఇష్టం.

కనుమ రోజు కాకి కూడా కదలదంటారు కదా, ఎక్కడికీ వెళ్ళేది లేదు, మినప గారెలు తిని 6000 వైపు తిప్పి కూర్చున్నా. ఇక్కడ బలం పెట్టక్కర్లేదు, చాకు బరువు చాలు, సర్... సర్... అని ఒకటే చప్పుడు, మధ్యలో దూడ అరుపు, మైకులో ఎక్కడో పాట, ఎంతసేపు కూర్చున్నానో తెలీదు, ఫోన్ ఎక్కడ పెట్టానో సాయంత్రం వెతుక్కున్నా. చివర్లో నాన్న పాత తోలు బెల్టు మీద, వెన్ను ముందుండేట్టు పెట్టి వెనక్కి లాగాను. చిన్నప్పుడు మాకు క్రాఫు చేసే తాత తోలుపట్టీ మీద కత్తి పట్ పట్ మని ఎందుకు కొడతాడో ఇన్నేళ్ళకి తెలిసింది. ఆ తర్వాత పేపరు తీసి అంచు ఆనిస్తే దానంతటదే జారిపోయింది, జామకాయ ముక్కలైతే అవతల మనిషి కనపడేంత పల్చగా వచ్చాయి.

రాయికి ఒక మైనస్ ఉంది, మెత్తన, మూడు రోజులకే మధ్యలో కొంచెం గుంట పడింది. గ్రానైట్ పలక మీద 220 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి, రాయి మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి అవి చెరిగేదాకా రుద్దితే చదునైంది, కిట్‌లో దీనికేమీ ఇవ్వలేదు, విడిగా కొనుక్కోవాలి. 5కి 4 ఇస్తా, గైడ్ లేకుండా ఇంకో వంద తగ్గించి అమ్మితే నాలుగున్నర.

ఇంకోటి, కత్తిపీట కోసమైతే ఇది కొనకండి. నీ బొమ్మ చాకులు సరేగానీ నా కత్తిపీట సంగతేంట్రా అని అమ్మ అడిగింది, ఆ వంపు బ్లేడు పీటకి బిగించి ఉంటుంది కదా, ఈ పలక రాయి మీద ఎటూ ఆనదు. ముక్కనుమ రోజు సైకిల్ మీద సానపట్టేవాడు వచ్చాడు, పెడల్ తొక్కి నిప్పురవ్వలు లేపి రెండు నిమిషాల్లో ఇచ్చేశాడు. నీకు మూడు రోజులు పట్టింది అంది అమ్మ.