ఎన్‌వీడీఏతో తెలుగు వెబ్‌సైట్లు: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

చూపు పూర్తిగా లేని నేను హైదరాబాద్‌లో కరెంటు బిల్లు కట్టడం నుంచి వార్తలు చదవడం వరకు అన్ని పనులకూ ఏళ్లుగా ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌నే, అంటే తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌నే, నమ్ముకున్నాను. ఆస్ట్రేలియాకు చెందిన, తానూ అంధుడే అయిన మైకేల్ కర్రన్ 2006లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ విండోస్ మీద పనిచేస్తుంది. పైసా చెల్లించనక్కరలేదు. ఇదే పనిచేసే వాణిజ్య సాఫ్ట్‌వేర్ల ధర మధ్యతరగతికి అందనిది కనుక ఇది చిన్న విషయం కాదు.

పేజీలో తిరగడానికి ఒక్కొక్క అక్షరం చాలు. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే లింకుకు, ఎఫ్ నొక్కితే ఫారంలోని గడికి, టి నొక్కితే పట్టికకు వెళ్తాము. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే లింకులూ శీర్షికలూ జాబితాగా వస్తాయి. తెలుగు వికీపీడియాలో శీర్షికలన్నీ కోడ్‌లోనూ శీర్షికలే కావడం వల్ల ఎంత పొడవైన వ్యాసంలోనైనా కావలసిన చోటికి క్షణాల్లో చేరుకోగలను. చాలా వార్తా సైట్లలో మాత్రం శీర్షిక అంటే లావుపాటి అక్షరాలే తప్ప కోడ్‌లో దానికి ఆ హోదా ఉండదు. లింకుల జాబితా తెరిస్తే ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అనే మాటే వరుసగా వినబడుతుంది, ఏది ఎక్కడికి తీసుకుపోతుందో తెలియదు.

ఎన్‌వీడీఏతో పాటు వచ్చే ఈస్పీక్ అనే తెలుగు గొంతు యంత్రంలా ఉంటుందన్నది నిజమే. కొత్తవారు దాన్ని విని వెంటనే మూసేస్తారు, అది తొందరపాటని నా అభిప్రాయం. వేగం బాగా పెంచినా మాట చెదరకపోవడమే దాని గొప్పతనం, చెవికి అలవాటు పడితే తియ్యటి గొంతులు నత్తనడకగా తోస్తాయి. తెలుగు వాక్యం మధ్యలో వచ్చే ఇంగ్లీషు పదాల ఉచ్చారణ మాత్రం ఇప్పటికీ నచ్చదు. పైగా, వ్యాసం తెలుగులో ఉన్నా పేజీ కోడ్‌లో భాష ఇంగ్లీషు అని రాసి ఉంటే, భాషను తనంతట తాను మార్చుకునే అమరిక గొంతును ఇంగ్లీషుకు మార్చేస్తుంది. అలాంటి సైట్ల కోసం నేను ఆ అమరికను ఆపేసి ఉంచుతాను.

అసలు కష్టమంతా ఫారాలలో ఉంది. ఒక ప్రభుత్వ సేవల సైటులో ధ్రువపత్రానికి దరఖాస్తు చేయబోతే, ప్రతి గడి దగ్గరా అది ఖాళీ గడి అని మాత్రమే వినిపించింది. పేరు రాయాలో, తండ్రి పేరు రాయాలో చెప్పే మాట పక్కన కనిపిస్తుందట, కానీ కోడ్‌లో గడితో ముడిపెట్టి లేదు. పుట్టిన తేదీ ఎంచుకునే క్యాలెండర్ మౌస్‌కు తప్ప కీబోర్డుకు లొంగలేదు. తప్పు ఉన్న గడికి ఎర్రటి అంచు గీసి ఊరుకున్నారు. చివర బొమ్మలోని అక్షరాలు చూసి టైపు చేయమన్న క్యాప్చా వచ్చింది, వినే ప్రత్యామ్నాయం లేదు. ఇవేవీ ఎన్‌వీడీఏ లోపాలు కావు. చెప్పడానికి పేజీలో ఏమీ పెట్టనప్పుడు అది మాత్రం ఏం చెబుతుంది? యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కాని డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లదీ ఇదే కథ: కంటికి చక్కటి తెలుగు, చెవికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు.

సైట్లు ఇలా ఉండకూడదని చెప్పే వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ఆన్‌లైన్ సేవలు అందరికీ అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో తీర్పు చెప్పింది. సాంకేతిక ప్రమాణాలకూ కొరత లేదు, వెబ్‌సైట్లు అందరికీ అందేలా చేయడానికి ఉన్న మార్గదర్శకాలైన డబ్ల్యూసీఏజీలో 2.2 సంచిక సైతం 2023 అక్టోబరు నుంచి ఉంది.

ఎన్‌వీడీఏలో నన్ను నిజంగా విసిగించేది ఒకటుంది. ఏటా తొలి విడుదలతో పాత యాడ్-ఆన్‌లు (ఇతరులు తయారుచేసిన అదనపు సౌకర్యాలు) తరచూ ఆగిపోతాయి, వాటిని తయారుచేసినవారు సవరించేదాకా ఆగవలసిందే. అందుకే కొత్త సంచిక రాగానే వేసుకోను. ఫోన్‌లో ఎన్‌వీడీఏ లేదు కాబట్టి ఆండ్రాయిడ్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ కీలూ సైగలూ వేరుగా నేర్చుకోవాలి.

మాదాపూర్‌లో వెబ్‌సైట్లు చేసే మా మేనల్లుడు ఒకసారి, “మామయ్యా, ఈ ఎన్‌వీడీఏ చూపున్నవాళ్లకెందుకు?” అని అడిగాడు. ఇన్సర్ట్, ఎన్ కలిపి నొక్కి టూల్స్‌లో స్పీచ్ వ్యూయర్ తెరిస్తే, ఎన్‌వీడీఏ పలికే ప్రతి మాటా తెరమీద అక్షరాలలో కనిపిస్తుంది. మౌస్ పక్కన పెట్టి టాబ్ కీతో తన సొంత ఫారాన్నే నింపమన్నాను. మూడో గడి దాకా కూడా వెళ్లకుండానే ల్యాప్‌టాప్‌లో కోడ్ తెరిచాడు.