పీహెచ్‌సీనా, జిల్లా జైలా, సబ్‌జైలు విజిటింగా? చిత్తూరు, తిరుపతి వైపు డాక్టరుకు ఏది మేలు

ఎంబీబీఎస్ ముగించి సర్కారు కొలువులో ఉన్నవాళ్లకు మన వైపు జైలు డ్యూటీ రెండు రకాలుగా తగులుతుంది. ఒకటి, చిత్తూరు జిల్లా జైలు లాంటి చోట రోజూ చూసుకునే మెడికల్ ఆఫీసర్ పని. రెండోది, గవర్నమెంటు ఆసుపత్రిలో ఉద్యోగం చేసుకుంటూనే సబ్‌జైలుకు వెళ్లి చూసి వచ్చే విజిటింగ్ డ్యూటీ. జైలుకు వెళ్తే వదులుకునేది ఎక్కువగా పీహెచ్‌సీనే (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) కాబట్టి పోలిక దానితోనే.

"జైల్లో ఏముంది సార్, ఓపీ పలచన" అంటుంటారు. ఓపీ వరకూ నిజమే. పీహెచ్‌సీలో ఓపీతో పాటు టీకాలు, గర్భిణుల చెకప్‌లు, 104 బండితో ఊళ్లు తిరగడం, సాయంత్రం యాప్‌లలో ఎంట్రీలు, నెలాఖరు రివ్యూలో చీవాట్లు ఉంటాయి. జైల్లో ఆ గోల చాలావరకు లేదు. దాని బదులు రాత పని ఉంది. పీహెచ్‌సీ చీటీ రోగి జేబులో నలిగిపోతుంది. జైల్లో హిస్టరీ టికెట్ (ఖైదీ పేరున ఉండే రికార్డు) మీద రాసిన మూడు లైన్లను ఏళ్ల తర్వాత బోనులో నిలబెట్టి మీ చేతే చదివించవచ్చు.

జైలు పని బరువంతా ఖైదీ వచ్చిన రోజు, ఆ వెంటనే వచ్చే మూడు రోజుల మీదే. 1894 జైళ్ల చట్టం 24వ సెక్షన్ ప్రకారం కొత్తగా వచ్చిన ఖైదీని పరీక్ష చేసి ఆరోగ్యం ఎలా ఉందో, ఒంటి మీద గాయాలు, గుర్తులు ఏమున్నాయో పుస్తకంలో ఎక్కించాలి. చొక్కా విప్పించకుండా చేసేది పరీక్ష కాదు. వీపు, పిరుదులు, తొడల వెనక, అరికాళ్లు చూడాలి. "ఒంటిపై దెబ్బలున్నాయి" అని ఒక్క ముక్క రాస్తే ఏమీ రాయనట్టే. ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్ల పొడవు వెడల్పు, ఏ రంగు, పెచ్చు కట్టిందా లేదా, ఎలా తగిలిందని అతను చెబుతున్నాడు అనేవన్నీ రాయాలి. పోలీసులు తెచ్చిన రిమాండ్ మెడికల్‌లో (రిమాండుకు ముందు చేయించిన వైద్య పరీక్ష కాగితంలో) గాయాలు లేవని ఉండి, మీకు కనిపిస్తే, ఆ తేడాను అదే రోజు సూపరింటెండెంట్‌కు రాసిచ్చి నకలు దగ్గర పెట్టుకోండి. మొహమాటపడ్డారా, ఆ దెబ్బ జైల్లో తగిలిన లెక్కలోకి పోతుంది.

ఆ తర్వాత తాగుడు ఆగిపోయిన తంటా. రోజూ తాగేవాడు స్టేషన్, ఆసుపత్రి, కోర్టు దాటుకుని జైలు గేటుకు చేరేసరికి చివరి గ్లాసు పడి ఒక రోజు దాటి ఉంటుంది. ఫిట్స్ సాధారణంగా 6 నుంచి 48 గంటల లోపు, మతి తప్పి కేకలు వేసే డెలీరియం 48 నుంచి 96 గంటల మధ్య వస్తాయి. అంటే ఘోరమైన భాగమంతా మీ పాలే. వణుకు, చెమట, నాడి వేగం కనిపిస్తే క్లోర్‌డయాజిపాక్సైడ్ మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గించాలి. కామెర్లో, ఉబ్బిన పొట్టో ఉంటే లోరాజిపామ్ నయం. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కించొద్దు. రాత్రి డ్యూటీ వార్డర్లకు ఈ లక్షణాలు ముందే చెప్పి ఉంచకపోతే "నాటకాలాడుతున్నాడు" అని ఒంటరి సెల్లో వేసేస్తారు. ఫిట్స్ వస్తే చూసే దిక్కుండదు.

శేషాచలం ఎర్రచందనం కేసుల్లో వచ్చే కూలీల్లో తమిళనాడు కొండల వాళ్లు చాలామంది. "కడైసియా ఎప్పో కుడిచ్చీంగ?" (చివరిసారి ఎప్పుడు తాగారు?) అని అడగగలిగితేనే పై లెక్క తేలుతుంది. చిత్తూరోళ్లకు ఇది సమస్యే కాదు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఈ ఒక్క వాక్యమైనా నేర్చుకోవాలి.

షుగర్ ఇంకో మెలిక. జైల్లో రాత్రి భోజనం లాకప్‌కు (బ్యారక్‌లకు తాళం వేయడానికి) ముందే, అంటే సాయంత్రమే అయిపోతుంది. మళ్లీ కడుపులో ఏదైనా పడేది తెల్లారాకే. బయట రాత్రి 8 గంటలకు వేసుకునే మిక్స్‌డ్ ఇన్సులిన్ డోసును ఇక్కడ అలాగే సాయంత్రం 5కు ఇచ్చేస్తే అర్ధరాత్రి దాటాక షుగర్ పడిపోతుంది. తాళాలు తీయించి మీ దాకా కబురు వచ్చేసరికి ఆలస్యమే. సాయంత్రం డోసు తగ్గించడం, గ్లిమెపిరైడ్ మాత్ర ఉదయానికే పరిమితం చేయడం, మెడికల్ డైట్ కింద రాత్రి తినడానికి ఏదో ఒకటి బ్యారక్‌లోకే రాసివ్వడం చేయాలి. పీహెచ్‌సీలో ఈ చిక్కు ఎవరికీ తట్టదు, తట్టే అవసరమూ లేదు.

పెద్దాసుపత్రికి పంపడంలో పీహెచ్‌సీదే పైచేయి. ఛాతీనొప్పి వస్తే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించి 108 పిలిస్తే మీ పని చాలావరకు అయినట్టే. ఖైదీకి ఎస్కార్టు పోలీసులు రావాలి. చిత్తూరు నుంచి తిరుపతి రుయాకు, స్విమ్స్‌కు సుమారు 70 కిలోమీటర్లు. వేలూరు అందులో సగమే గానీ ఖైదీని రాష్ట్రం దాటించడం డాక్టరు చేతిలో లేదు. అందుకే రెఫరల్ కాగితం మీద "అత్యవసరం" అని, రాసిన టైమును గంటా నిమిషాలతో సహా వేయాలి. కస్టడీలో ప్రాణం పోతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి, మేజిస్ట్రేటు విచారణ తప్పదు. అప్పుడు ఆలస్యం ఎవరిదో తేల్చేది ఆ నిమిషాలే.

ఇన్ని చెప్పాక జైలు వైపు కూడా ఒక మాట. గజ్జిని నిజంగా తుడిచిపెట్టాలంటే జైలంత అనువైన చోటు లేదు. పీహెచ్‌సీలో ఇంట్లో ఒకడికి మందిస్తే మిగతావాళ్లు రారు. జైల్లో సాయంత్రం లెక్క అయ్యాక బ్యారక్ మొత్తానికి ఒకే రాత్రి మెడ నుంచి కాళ్ల దాకా 5 శాతం పర్మెత్రిన్ పూయించి, పొద్దున దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో వేయించి, వారానికి మరోసారి పూయిస్తే అయిపోతుంది. మనిషికి 30 గ్రాముల చొప్పున ముందే ఇండెంట్ పెట్టండి. సగం మందికి చాలీచాలని మందు పూస్తే మొదటికే వస్తుంది. టీబీ మందులూ కళ్ల ముందే మింగించవచ్చు. చిక్కల్లా బెయిల్. సాయంత్రం ఆర్డరొస్తే మనిషి చెప్పకుండా వెళ్లిపోతాడు. చేరిన రోజే నిక్షయ్ ఐడీ (సర్కారు టీబీ పోర్టల్‌లో రోగి నంబరు), ఇంటి దగ్గరి పీహెచ్‌సీ పేరు రాసిన చీటీ, వారం మందులు సిద్ధం చేసి గేటు దగ్గర ఉంచితే కోర్సు తెగదు.

ఇక సబ్‌జైలు విజిటింగ్. తేలికగా కనిపిస్తుంది గానీ మూడింటిలో చిక్కైనది ఇదే. బాధ్యత పూర్తిగా ఉంటుంది, మనిషేమో అక్కడ ఉండడు. మీరు వెళ్లొచ్చిన సాయంత్రం చేరినవాణ్ణి మళ్లీ మీరు వెళ్లేదాకా చూసే డాక్టరుండడు, పైన చెప్పిన మూడు రోజులు ఆ సందులోనే గడిచిపోతాయి. ఒప్పుకుంటే కొత్తగా వచ్చినవాళ్లను అదే రోజు మీ క్యాజువాలిటీకి తెచ్చేలా సూపరింటెండెంట్‌తో రాతలో ఒప్పందం చేసుకోండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం అడిగే మూడు నెలల నివేదిక ఎవరి సంతకంతో వెళ్లాలో కూడా ముందే తేల్చుకోండి. జైల్లో మానసిక రోగులు లేరని ధ్రువీకరించే కాగితం అది, చూడకుండా సంతకం పెట్టేది కాదు.

హౌస్‌సర్జన్సీ దాటి నేరుగా వచ్చినవాళ్లకు పీహెచ్‌సీయే మేలు. చుట్టూ స్టాఫ్ ఉంటారు, తప్పు జరిగితే దిద్దుకునే వీలుంటుంది. రెండు మూడేళ్లు క్యాజువాలిటీ, ఎంఎల్‌సీ (పోలీసు కేసుల వైద్య) రాతలు చేతికి అలవాటయ్యాక, బెయిల్ కోసం జబ్బు సర్టిఫికెట్ రాయమని వచ్చే ఒత్తిడికి "లేదు" అని మర్యాదగా చెప్పగలిగితే జిల్లా జైలు మంచి పోస్టే. పీజీ ఆలోచన ఉన్నవాళ్లు డిప్యుటేషన్ ఆర్డరు తీసుకునే ముందు ఆ కాలం ఇన్‌సర్వీసు కోటాకు (సర్కారు డాక్టర్లకు ఉండే పీజీ సీట్ల వాటాకు) లెక్కకొస్తుందో లేదో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసు నుంచి కాగితం మీద తీసుకోండి. నోటి మాట మీద చేరొద్దు.